మన మగపిల్లల బడులు: చదివి వెళ్ళిపోయినవాళ్ళ యాది (ఆబిద్ అలీ గారితో మొదలు)

గన్‌ఫౌండ్రీ_గంట | 13 మార్చి 2025, రాత్రి 9:40

నిన్న మన హైదరాబాద్ టెస్టు క్రికెటర్ సయ్యద్ ఆబిద్ అలీ గారు పోయారు. కాలిఫోర్నియాలో, ట్రేసీ అనే ఊళ్ళో. 83 ఏళ్ళు. పేపర్లో చూసి మా మనవడికి చెబితే "పాకిస్తాన్ ఓపెనర్ కదా తాతా?" అన్నాడు. వాడి తప్పేం లేదు, ఆ పేరుతో అక్కడా ఒకాయన ఆడాడు. అయినా నాకు అన్నం సహించలేదు. అందుకే ఈ థ్రెడ్.

నేను ఆల్ సెయింట్స్‌లో 1975 ఎస్సెస్సీ. ఆబిద్ అలీ మాకు చాలా ఏళ్ళ సీనియర్, బడిలో ఆయన్ని మేం చూసింది లేదు. కానీ ఆయనకు ఉద్యోగమిచ్చిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ హెడ్డాఫీసు మా గన్‌ఫౌండ్రీలోనే. అక్కడే ఏదో కౌంటర్ వెనక కూర్చుని నోట్లు లెక్కపెడుతుంటాడని మాకు గట్టి నమ్మకం. ఇంటర్వెల్‌లో ముగ్గురం నలుగురం వెళ్ళి అద్దంలోంచి తొంగి చూసేవాళ్ళం. ఒక్కసారి కూడా కనబడలేదు. ఆయన అప్పుడు ఏ ఆస్ట్రేలియాలోనో, వెస్టిండీస్‌లోనో ఉండుంటాడని తట్టే వయసు కాదు.

ఇప్పుడు 1971 ఆగస్టు 24 సంగతి చెప్పాలి. ఆ రోజు వినాయక చవితి. ఓవల్‌లో ఇంగ్లండ్ మీద టెస్టు మనం గెలవడానికి 173 కావాలి. ఇంట్లో షార్ట్‌వేవ్ గరగరమంటే ట్రాన్సిస్టర్ పట్టుకుని నేనూ అన్నయ్యా డాబా ఎక్కాం. కింద నుంచి అమ్మ ఒకటే కేకలు, "ఒరేయ్, చంద్రుడు కనిపిస్తాడు, నీలాపనిందలు పడతారు, దిగండ్రా!" కథ విన్నాం, అక్షింతలు వేసుకున్నాం కదమ్మా అని అన్నయ్య వాదన. ఇద్దరం పడమటి వైపు చూడకుండా, నీళ్ళ ట్యాంకు కేసి మొహం పెట్టి కూర్చున్నాం. ఏడు దాటింది. మూడు పరుగులుండగా విశ్వనాథ్ అవుట్. అప్పుడొచ్చాడు మా ఆబిద్ అలీ. లక్‌హర్స్ట్ బంతిని కట్ చేశాడు, ఫోర్. అంతే. ఇంగ్లండ్ గడ్డ మీద మొదటి టెస్టు గెలుపు, మొదటి సిరీస్ గెలుపు. అన్నయ్య ట్రాన్సిస్టర్ నా చేతిలో పడేసి డాబా మీద గిరగిరా తిరిగాడు, చంద్రుణ్ణి కూడా చూసేశాడు. మర్నాడు బడిలో పరీక్ష అట్టలతో కట్ షాట్ కొట్టని వాడు లేడు.

మీ బడి ఏదైనా సరే, మగపిల్లల బళ్ళో మీతో చదివినవాళ్ళు, మీకన్నా ముందు చదివినవాళ్ళు, గుర్తున్నవాళ్ళ గురించి రాయండి. నెట్‌లో చూసి ఎక్కించిన లిస్టులు మాత్రం వద్దు.

లెక్కల_మాస్టారు | 13 మార్చి 2025, రాత్రి 10:15

గంట గారూ, లిస్టులు వద్దన్నారు కాబట్టి నాలుగే ముక్కలు. 29 టెస్టులు, 1018 పరుగులు, 47 వికెట్లు. అంకెలు చూస్తే మామూలుగా ఉంటాయి. ఆయన విలువ అంకెల్లో పట్టదు. 1967 డిసెంబర్‌లో అడిలైడ్‌లో మొదటి టెస్టు ఆడుతూ మొదటి ఇన్నింగ్స్‌లోనే 55 పరుగులకు 6 వికెట్లు తీశాడు. అదే సిరీస్‌లో సిడ్నీలో ఓపెనింగ్‌కి దిగి 78, 81. బౌలింగ్ మొదలుపెట్టమంటే మొదలుపెట్టేవాడు, బ్యాటింగ్ మొదలుపెట్టమంటే అదీ చేసేవాడు. ఎనిమిదో నంబర్లో పంపినా మొహం మాడ్చుకునేవాడు కాదు.

చాలామందికి తెలియనిది, బ్యాంకు జట్టులో చేరినప్పుడు ఆయన వికెట్ కీపర్. బౌలింగ్ తర్వాత వచ్చింది.

మస్తు_మజా | 13 మార్చి 2025, రాత్రి 10:31

అన్నా ఓవల్ ఒక్కటేనా? అదే ఏడు వెస్టిండీస్ మీద పోర్టాఫ్ స్పెయిన్‌ల గూడ గెలుపు రన్ను గాయినదే గద. మా బాపు ఎప్పుడూ చెప్తుండె.

లెక్కల_మాస్టారు | 13 మార్చి 2025, రాత్రి 10:38

మీ బాపు గారికి నమస్కారాలు. కానీ కాదు. పోర్టాఫ్ స్పెయిన్‌లో గెలుపు పరుగు గావస్కర్‌ది. ఆబిద్ అలీ అవతలి కొసన, రన్నర్ వైపు ఉన్నాడు. అంటే 1971లో రెండు చరిత్రలు జరిగినప్పుడూ పిచ్ మీద ఉన్నాడు, ఒకసారి చూస్తూ, ఒకసారి కొడుతూ. ఆ వెస్టిండీస్ సిరీస్ ఆఖరి టెస్టులో వరస బంతుల్లో కన్హాయ్‌నీ సోబర్స్‌నీ బౌల్డ్ చేశాడు, అది చెప్పుకోమనండి.

మస్తు_మజా | 13 మార్చి 2025, రాత్రి 10:40

బాపుకు చెప్పిన. "రన్నర్‌కు మార్కులుండయా?" అంటుండు.

కింగ్‌కోఠి_కుర్రాడు | 14 మార్చి 2025, ఉదయం 7:05

అంతా బాగానే ఉంది గానీ "మా ఆబిద్ అలీ" అన్న చోట ఆగిపోయాను. ఆయన ముందు చదివింది సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్లో. ఆల్ సెయింట్స్‌కి తర్వాత వచ్చాడు. మాది 1834లో పెట్టిన బడి. మీది 1855. ఆయన విషయంలోనూ, వయసు విషయంలోనూ మేమే ముందు.

మాకు ఆబిద్ అలీ ఒక్కడే కాదు. రాకేశ్ శర్మ మా బడి. పుట్టింది పటియాలా అయినా చదువంతా హైదరాబాదే, మా గ్రామర్ స్కూలు, ఆ తర్వాత నిజాం కాలేజీ. 1984 ఏప్రిల్ 3న సోయుజ్ అంతరిక్ష నౌక ఎక్కాడు. నేను అప్పుడు ఆరో తరగతి. అంతకుముందు దాకా అసెంబ్లీలో పైకి చూస్తే "నేల చూడరా" అనేవారు. ఆ వారం మాత్రం మా క్లాసు మొత్తం మెడలు విరిగేలా పైకే చూసింది, ఒక్కరూ ఏమీ అనలేదు. పగలు పూట ఏం కనిపిస్తుందని అడక్కండి.

గన్‌ఫౌండ్రీ_గంట | 14 మార్చి 2025, ఉదయం 8:20

కుర్రాడు గారూ, ఆస్ట్రొనాట్ మీకే. క్రికెటర్ మాకు. 1956లో హైదరాబాద్ స్కూల్స్ జట్టుకి ఎంపికై కేరళ మీద 82 కొట్టి, ఉత్తమ ఫీల్డర్ బహుమతి తెచ్చుకున్న కుర్రాడు ఏ బడి గ్రౌండ్లో దుమ్ము తిన్నాడో ఆ బడిదే హక్కు.

కింగ్‌కోఠి_కుర్రాడు | 14 మార్చి 2025, ఉదయం 8:26

ఆ దుమ్ముకి రసీదు ఉందా సార్?

బే_ఏరియా_బావ | 14 మార్చి 2025, ఉదయం 10:50

మీ గొడవ మధ్యలో నా సిగ్గు సంగతి ఒకటి చెప్పుకుంటాను. నేను ఫ్రీమాంట్‌లో ఉంటాను. ఇక్కణ్ణుంచి ట్రేసీ ఎంతో దూరం లేదు, ట్రాఫిక్ లేకపోతే గంట లోపే. ఆబిద్ అలీ గారు 1980లోనే ఇటు వచ్చేశారు. మధ్యలో మాల్దీవ్స్‌కి, యూఏఈకి కోచ్‌గా వెళ్ళారు, ఒక సీజన్ మన ఆంధ్రా రంజీ జట్టుకీ కోచింగ్ ఇచ్చారు. మిగతా కాలమంతా ఇక్కడే, బే ఏరియా పిల్లలకి క్రికెట్ నేర్పుతూ. మా అబ్బాయి ఏడేళ్ళు ఇక్కడి పార్కుల్లో టెన్నిస్ బంతితో ఆడాడు. శనివారం శనివారం తీసుకెళ్ళి, కార్లో కూర్చుని ఫోన్ చూసుకున్నాను. మనూరి టెస్టు ఆటగాడు ఇక్కడే ఉన్నాడని తెలుసు. "ఒకసారి వెళ్ళి కలవాలి" అనుకున్నాను, ఎన్నిసార్లో. నిన్న ఆఫీసులో వార్త చూశాను.

ఆయన కొడుకు 2008లో పోయాడు. ఆ కొడుకు క్రికెటర్ సయ్యద్ కిర్మాణీకి అల్లుడు. పెద్ద వయసులో ఆ దెబ్బ తిని కూడా ఆయన గ్రౌండ్ వదల్లేదని ఇక్కడివాళ్ళు అంటారు.

నూటపది_నాటౌట్ | 14 మార్చి 2025, మధ్యాహ్నం 1:12

ఇంత రాశారు, అజ్జూ భాయ్ పేరెత్తరేం? ఆల్ సెయింట్స్ అంటే దేశమంతా చెప్పే పేరు అజహరుద్దీన్. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు, కలకత్తా 110, మద్రాస్ 105, కాన్పూర్ 122.

గన్‌ఫౌండ్రీ_గంట | 14 మార్చి 2025, మధ్యాహ్నం 1:30

తమ్ముడూ, ఆయన నిక్షేపంగా ఉన్నారు, నూరేళ్ళు ఉండాలి. పోయినవాళ్ళ యాది మొదలుపెట్టిన చోట ఆయన పేరు రాస్తే ఎవరైనా అపార్థం చేసుకుంటారని ఊరుకున్నా.

నూటపది_నాటౌట్ | 14 మార్చి 2025, మధ్యాహ్నం 1:41

రాకేశ్ శర్మ గారు కూడా నిక్షేపంగానే ఉన్నారు కదా సార్, ఆయన్ని రానిచ్చారు!

సరే, నా ముక్క ఒకటి. 1985 మొదట్లో నేను ఆల్ సెయింట్స్‌లో తొమ్మిది. కాన్పూర్ సెంచరీ తర్వాత సోమవారం క్లాసులో అందరి కాలర్లూ పైకి లేచి ఉన్నాయి. లెక్కల సార్ లోపలికొచ్చి, బోర్డు వైపు తిరిగి, చాలాసేపు తుడిచిందే తుడిచారు. నవ్వుతున్నారని వీపు చూస్తే తెలిసింది. ఆ తర్వాత అజ్జూ భాయ్ కథ ఎన్ని మలుపులు తిరిగిందో అందరికీ తెలుసు. 99 టెస్టుల దగ్గర ఆగింది, నిషేధం, పన్నెండేళ్ళ తర్వాత హైకోర్టు తీర్పు. నాకు మాత్రం ఆ సోమవారం చెరగలేదు.

మా బడి నుంచే వెంకటపతి రాజు, 28 టెస్టులు, 93 వికెట్లు. సన్నగా పుల్లలా ఉండేవాడని జట్టులో "మజిల్స్" అని ఎదురు పేరు పెట్టారు. నోయెల్ డేవిడ్ 1997లో వెస్టిండీస్ వెళ్ళి, మొత్తం 4 వన్డేలు ఆడాడు. నాలుగేనా అని నవ్వేవాళ్ళు ఉన్నారు. ఆ నవ్వేవాళ్ళు ఎన్ని ఆడారో అడగాలనిపిస్తుంది.

చివరి_బెంచి | 14 మార్చి 2025, రాత్రి 11:20

గంటా, నేనూ నీ బ్యాచే, నువ్వు గుర్తుపట్టే ఉంటావు. అందరూ పేపర్లో ఫొటో పడ్డవాళ్ళ గురించే రాస్తున్నారు. నేను రేడియో గాడి గురించి రాస్తా. పేరు ఇక్కడ పెట్టను, వాడికి నచ్చదు.

వాడి అసలు ముద్దుపేరు ఆలిండియా రేడియో. పొడుగైపోయిందని రేడియో చేశాం. మా బళ్ళోకి ఎనిమిదో తరగతిలో వచ్చాడు. నాన్నగారు ఆబిడ్స్ జీపీవోలో పని. వాడికి ఆట రాదు. బ్యాటు పట్టుకుంటే చీపురు పట్టుకున్నట్టుండేది. కానీ ఎక్కడ ఎవరు క్రికెట్ ఆడుతున్నా, కామెంటరీ వస్తే చాలు, బంతి బంతికీ స్కోరు రాసేవాడు. పొడుగు నోటుపుస్తకం, అడ్డంగా గీతలు కొట్టి, ఎడమవైపు బ్యాట్స్‌మెన్, కింద బౌలర్లు, ఒక్కో ఓవరుకీ ఒక గడి. పరుగు రాకపోతే చుక్క. మెయిడెన్ అయితే ఆరు చుక్కలనీ కలిపి ఎమ్ ఆకారం. రేడియో గరగరమని ఒక బంతి వినబడకపోతే ఆ గడిలో చిన్న సున్నా చుట్టి మధ్యలో ప్రశ్నార్థకం పెట్టేవాడు, తర్వాత పేపర్ చూసి సరిచేసేవాడు. ఊహించి రాసేవాడు కాదు. "తెలవనిది తెలవదని రాయాలిరా" అనేవాడు. పరీక్షల్లో కూడా అదే పని చేసి రెండుసార్లు దెబ్బతిన్నాడు.

ఆ పుస్తకాలు ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. ఒక్కసారి నేను ముట్టుకున్నందుకు నెల రోజులు మాట్లాడలేదు. అదో పెద్ద కథ.

ఇంటర్ అయ్యాక ఆర్ఎమ్మెస్‌లో చేరాడు. తెలియని పిల్లల కోసం చెప్తున్నా, రైల్వే మెయిల్ సర్వీస్, అంటే రాత్రంతా రైలు పెట్టెలో నిలబడి ఉత్తరాలు ఊరి పేరు చూసి గూళ్ళలో వేసే పని. సికింద్రాబాద్ నుంచి బండెక్కి తెల్లారేసరికి ఇంకో రాష్ట్రంలో దిగేవాడు. ఓ చెవిలో ట్రాన్సిస్టర్ ఇయర్‌ఫోను, చేతిలో ఉత్తరాల కట్ట. 1983 వరల్డ్ కప్ ఫైనల్ రాత్రి కదిలే బండిలో సార్టింగ్ టేబుల్ మీద స్కోరు రాశానని చెప్పాడు. గీతలన్నీ వంకరే అని బాధపడ్డాడు. గెలిచాం కదరా అంటే, "గెలుపు వేరు, గీత వేరు."

నేను పెళ్ళికి రమ్మంటే మర్చిపోయాడు. మా నాన్న పోయినప్పుడు మాత్రం రైలు దిగి నేరుగా, గోనెసంచి వాసనతో వచ్చి కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు మా నాన్న ఏ ఏడాది పుట్టారో అడిగి, "మర్చంట్ కన్నా ముందే" అన్నాడు, పాత క్రికెటర్ విజయ్ మర్చంట్ కన్నా అని. ఆ మాటకి నాకు మొదటిసారి ఏడుపొచ్చింది. ఎందుకో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

2021 మే నెలలో కరోనా రెండో అలలో పోయాడు. అప్పటి పరిస్థితి తెలుసు కదా. నలుగురే వెళ్ళారు, అందులో మేం ఎవరం లేం. మా బ్యాచ్ వాట్సప్ గ్రూపులో దండం బొమ్మలు ముప్పై వచ్చాయి, తర్వాత ఎవరో జోకు ఫార్వార్డ్ చేశారు. అంతే.

ఆబిద్ అలీ గారు పోయారన్న రోజు నాకు ముందు వాడు గుర్తొచ్చాడు. ఓవల్ స్కోరు వాడి పుస్తకంలో ఉంది. ఆ పుస్తకాలు ఉన్నాయో, పాత పేపర్ల బండికి వెళ్ళాయో.

మస్తు_మజా | 14 మార్చి 2025, రాత్రి 11:48

అన్నా, బాపుకు సదివి వినిపించిన. చెప్పుడు ఖతం అయినంక శానాసేపు ఏం మాట్లాడలె. లైట్ బంజేయమన్నడు.

చాదర్‌ఘాట్_సెకండాఫ్ | 15 మార్చి 2025, ఉదయం 6:55

క్రికెట్ సరే, హైదరాబాద్ అంటే ముందు ఫుట్‌బాల్. మా నాన్నగారు చాదర్‌ఘాట్ హైస్కూల్. అక్కడ ఆటలు నేర్పిన మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీం. పోయినేడు ఆయన మీద హిందీ సినిమా వచ్చాక ఊరు మొత్తానికి తెలిసింది గానీ, మా ఇంట్లో ఎప్పుడూ ఆయన "రహీం సాబ్", అంటే డ్రిల్లు మాస్టారు. 1951లోనూ 1962లోనూ ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, ఇవన్నీ కోచ్‌గా ఆయన చేతుల మీదుగా జరిగినవే. మెల్బోర్న్ వెళ్ళిన జట్టులో మన హైదరాబాదీలు బోలెడుమంది.

అలవాటు లేని కాలితోనే ఆడాలని ఆయన పోటీలు పెట్టేవారు. కుడికాలి వాడు ఎడమ కాలితోనే తన్నాలి. మా నాన్నకి ఆ పిచ్చి ఎనభై ఏళ్ళ వయసులోనూ పోలేదు, గుమ్మం ముందు చెప్పులు కూడా ఎడమ కాలితోనే పక్కకి నెట్టేవారు. జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్ నాటికే రహీం సాబ్‌కి ఊపిరితిత్తుల క్యాన్సర్. 1962 సెప్టెంబర్ 4న దక్షిణ కొరియా మీద 2-1. తలకు కుట్లు పడ్డ జర్నయిల్ సింగ్‌ని డిఫెన్స్ నుంచి తీసి ముందుకి పంపితే, అతను గోల్ కొట్టాడు. తర్వాతి జూన్ 11న సాబ్ పోయారు.

మాస్టారి గురించి రాయడం ఈ థ్రెడ్ రూలుకి విరుద్ధమేమో. మా నాన్న ఆయన పిల్లల్లో ఒకడని రాసుకోండి.

ప్యారడైజ్_సర్కిల్ | 15 మార్చి 2025, ఉదయం 9:30

ట్యాంక్‌బండ్‌కి ఇటువైపు ఎవరూ లేరనుకుంటున్నారా? సికింద్రాబాద్ మహబూబ్ కాలేజ్ హైస్కూల్. 1862లో సోమసుందరం మొదలియార్ పెట్టింది. వివేకానందుడు షికాగో వెళ్ళకముందే, 1893 ఫిబ్రవరి 13న, మా బళ్ళో ఉపన్యాసం ఇచ్చాడు. మా కాలంలో అల్లరి చేసిన ప్రతివాడికీ ఈ విషయం గుర్తుచేసేవాళ్ళు. "వివేకానందుడు నిలబడ్డ చోట నువ్వు ఇలా నిలబడతావురా?" అని.

మావాడు సినిమా దర్శకుడు శ్యామ్ బెనెగల్. పోయిన డిసెంబర్ 14న తొంభై నిండాయి, 23న పోయారు. తిరుమలగిరిలో పెరిగిన కొంకణీ కుటుంబం, నాన్నగారు ఫొటోగ్రాఫర్. పన్నెండేళ్ళకే నాన్న కెమెరాతో సినిమా తీశాడు. తర్వాత నిజాం కాలేజీ, అక్కడ ఉండగానే హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ. 1974లో తీసిన మొదటి పెద్ద సినిమా మన తెలంగాణ పల్లెలోనే. హిందీ సినిమా అంటారు గానీ అందులో వాళ్ళు మాట్లాడేది మన దక్కనీ. నేను బొంబాయిలో ఆ సినిమా చూసినప్పుడు పక్క సీటు పెద్దమనిషి "ఇదేం హిందీ?" అని గొణిగాడు. ఇంటి భాష తెర మీద వినబడితే ఎలా ఉంటుందో ఆయనకి చెప్పే ఓపిక లేక ఊరుకున్నా. తెలుగులోనూ ఒకటి తీశారు, 1978లో, వాణిశ్రీతో. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

బందరు_లడ్డు | 15 మార్చి 2025, ఉదయం 11:05

అన్నిటికన్నా పెద్ద పేరు మా బందరు హిందూ హైస్కూలుది అండి. జెండా ఇచ్చిన పింగళి వెంకయ్య గారు చదివిన బడి. హైదరాబాద్ బళ్ళు బంతులూ కెమెరాలూ ఇచ్చాయి, మేం ఏకంగా...

మోడరేటర్ | 15 మార్చి 2025, ఉదయం 11:20

లడ్డు గారూ, ఇక్కడితో ఆపుదాం. ఊరి గొప్పల పోటీకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ మీరు ఇప్పటికే 212 పోస్టులు పెట్టారు.

బందరు_లడ్డు | 15 మార్చి 2025, ఉదయం 11:22

213 అండి.

రిజిస్టర్_నంబర్_లేదు | 15 మార్చి 2025, సాయంత్రం 5:45

చివరి బెంచి గారి పోస్టు చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నా బడి పేరు చెప్పను, పైన ఎవరూ చెప్పిన బడి కాదు, ఊరూ చెప్పను. మాది కూడా పాత మగపిల్లల బడే. పెద్ద వార్షికోత్సవం చేసి సావనీర్ వేశారు. నన్నూ పనిలో పెట్టారు, "పాత విద్యార్థులు" అనే భాగం నాకిచ్చారు. పాత అడ్మిషన్ రిజిస్టర్లు చూద్దామని వెళ్తే సగం చెదలు, సగం వాన. పుస్తకం అట్ట పైకి లేపితే పేజీలు కాదు, పొడి లేచింది. మిగిలిన దాంట్లో కుర్రాడి పేరు, తండ్రి పేరు, తండ్రి వృత్తి, చేరిన తేదీ, చివరి గడిలో "విడిచిన కారణం". ఆ గడి ఒక్కటీ చదువుతూ కూర్చున్నాను. "ఊరు మారినందువల్ల." "ఫీజు కట్టనందువల్ల." "తండ్రి మరణం." ఒక చోట "పెళ్ళి". పదో తరగతి కుర్రాడికి.

ఆ గడి నుంచి నలభై యాభై ఎత్తిరాసి ఇచ్చాను, పేర్లు లేకుండా. సావనీర్‌లో వేయలేదు. దాతల ఫొటోలకు చోటు చాలలేదన్నారు. నా కాగితాలు తిరిగి అడిగితే దొరకలేదన్నారు. ఇప్పుడైతే ఫోన్లో ఫొటో తీసుకునేవాణ్ణి.

మీ రేడియో గారి పుస్తకాలు ఎక్కడున్నాయో ఎవరైనా వెళ్ళి చూడండి సార్. దయచేసి.

చివరి_బెంచి | 15 మార్చి 2025, సాయంత్రం 6:10

వాళ్ళమ్మాయి నంబర్ సంపాదించాను. ఈ థ్రెడ్ లింకు పంపాను. నాలుగేళ్ళ తర్వాత ఏ మొహం పెట్టుకుని ఫోన్ చేయాలో తెలియక మెసేజ్ పెట్టాను.

రేడియో_గారి_అమ్మాయి | 16 మార్చి 2025, ఉదయం 10:02

అందరికీ నమస్కారం. చివరి బెంచి అంకుల్ పంపితే చూశాను. రాత్రి అమ్మకి మొత్తం చదివాను. "గోనెసంచి వాసన" దగ్గర అమ్మ నవ్వింది. ఆ వాసనకే రోజూ బయట కుళాయి దగ్గర కాళ్ళు చేతులు కడిగించి లోపలికి రానిచ్చేదట.

పుస్తకాలు ఉన్నాయి. 41. అటక మీద రేకు పెట్టెలో, మధ్యమధ్య వేపాకు వేసి. నాన్న పోయాక ఇల్లు మారాం, అప్పుడు చాలా సామాను ఇచ్చేశాం, ఆ పెట్టె మాత్రం అమ్మ ఇవ్వనివ్వలేదు. లోపల ఏముందో ఇప్పటిదాకా నేను సరిగ్గా చూడలేదు, అది నిజం. నాకు క్రికెట్ రాదు.

ఇవాళ పొద్దున దింపాను. 1971 పుస్తకం దొరికింది, అట్ట మీద తారీఖులు ఉన్నాయి. ఓవల్ పేజీలు ఆరు. చివరి పేజీలో ఆబిద్ అలీ అని ఉన్న వరసలో ఒకే ఒక్క 4, దాని చుట్టూ గుండ్రం. ఆ పక్కన మార్జిన్లో నీలి సిరాతో, ఇంగ్లీషులో, "అవర్ స్కూల్" అని రాసి కింద రెండు గీతలు కొట్టారు నాన్న.

గన్‌ఫౌండ్రీ_గంట | 16 మార్చి 2025, ఉదయం 10:09

అమ్మా, నీకు ఎంత చెప్పినా తక్కువే. కింగ్‌కోఠి కుర్రాడు గారూ, రసీదు అడిగారుగా. ఇదిగో.

కింగ్‌కోఠి_కుర్రాడు | 16 మార్చి 2025, ఉదయం 10:31

ఒక్క నిమిషం. చివరి బెంచి గారు పైన ఏం రాశారో చూడండి. రేడియో గారు ఆల్ సెయింట్స్‌కి వచ్చింది ఎనిమిదో తరగతిలో. గంట గారి బ్యాచ్ 1975 ఎస్సెస్సీ అంటే, 1971 ఆగస్టులో ఏడో తరగతి. అమ్మా, నాన్నగారు ఏడు దాకా ఎక్కడ చదివారు?

రేడియో_గారి_అమ్మాయి | 16 మార్చి 2025, ఉదయం 10:44

అమ్మని అడిగాను. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్ అంట అంకుల్.

కింగ్‌కోఠి_కుర్రాడు | 16 మార్చి 2025, ఉదయం 10:45

గంట గారూ?

లెక్కల_మాస్టారు | 16 మార్చి 2025, ఉదయం 10:52

తారీఖుల లెక్క సరిపోయింది. గంట గారూ, సారీ.

రేడియో_గారి_అమ్మాయి | 16 మార్చి 2025, ఉదయం 11:03

ఇంకొకటి ఉంది, ముందు సరిగ్గా చూడలేదు. నీలి సిరా కింద పెన్సిల్‌తో సన్నగా ఇంకో వరస ఉంది. తుడిచేశారు గానీ అచ్చు పడింది, పక్కకి వంచి వెలుతురులో చూస్తే కనిపిస్తోంది. "కాదు, ఇప్పుడు మన స్కూల్" అని తెలుగులో. చేతిరాత నాన్నది కాదు.

చివరి_బెంచి | 16 మార్చి 2025, ఉదయం 11:15

ఆ పెన్సిల్ నాది. తొమ్మిదో తరగతిలో. నెల రోజులు మాట్లాడలేదని చెప్పానే, అందుకే.

అమ్మా, వచ్చే ఆదివారం ఇంటికి రావచ్చా? పుస్తకాలు ముట్టుకోను.